నేర్చుకోవడమూ డ్యూటీయే

ఇది దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్మృతికి అంకితమైన సభ. 1909లో రాజమండ్రిలో పుట్టి, 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభకు ప్రాణం పోసిన ఆమెను ఒక ప్రశ్న జీవితమంతా వెంటాడింది. బడి వయసు దాటిపోయి, సంసారం మీద పడిన స్త్రీకి చదువు ఎలా అందుతుంది? 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలిగా ఉన్న ఆమె కాలంలోనే, 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులు మొదలయ్యాయి. వాటి ఆధారంతో స్త్రీలు ఉపాధ్యాయినులు, నర్సులు, మంత్రసానులు కావడానికి అర్హత సంపాదించుకునే దారి ఏర్పడింది. జీవితం చదువుకు అడ్డం వచ్చినప్పుడు జీవితాన్ని ఆపుకొమ్మనకుండా, చదువునే జీవితం దగ్గరికి తీసుకువెళ్లడం ఆమె పద్ధతి. ఈనాటి నా విషయం ఆ పద్ధతికి దగ్గరిదే. ఉద్యోగంలో చేరిన తర్వాత ఆరోగ్య సిబ్బంది ఎలా నేర్చుకుంటారు, ఎలా నేర్చుకోవాలి అన్నది ఇక్కడ పరిశీలిస్తాను.

ఒక స్టాఫ్ నర్సు ఇరవై రెండేళ్లకు చదువు ముగించి ఉద్యోగంలో చేరితే దాదాపు నాలుగు దశాబ్దాలు పనిచేస్తుంది. ఆ కాలంలో మందులు మారతాయి, యంత్రాలు మారతాయి, సరైన పద్ధతి అనుకున్నదే తప్పని తేలుతుంది. బిడ్డ పుట్టగానే బొడ్డు తాడు బిగించాలని ఒక తరం నేర్చుకుంటే, కనీసం ఒక నిమిషం ఆగాలని తర్వాతి తరం నేర్చుకుంది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు రోగిని బోర్లా పడుకోబెట్టి ఊపిరి నిలబెట్టడం మన సిబ్బందిలో చాలామంది వార్డులోనే, ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారు. ఇన్ని మార్పులను కాలేజీ ముందుగా నేర్పి పంపలేదు. నా ప్రతిపాదన ఇది: ఆరోగ్య సిబ్బంది నైపుణ్యం పెరిగినా తరిగినా ప్రధానంగా పనిచేసే చోటే జరుగుతుంది, అందువల్ల ఆ చదువును డ్యూటీలో భాగంగా, పని గంటల్లోనే ఏర్పాటు చేయవలసిన బాధ్యత ఆసుపత్రిది, ప్రభుత్వానిది. ఉద్యోగి సొంత ఆసక్తికి వదిలేస్తే అది కొందరికే దక్కుతుంది. ఆ తేడాకు మూల్యం రోగి చెల్లిస్తాడు.

చరిత్ర చూస్తే, పనిలో నేర్చుకోవడమే వైద్యానికి మొదటి బడి. పద్దెనిమిదో శతాబ్దపు తొలినాళ్లలో లైడెన్ నగరంలో హెర్మన్ బూర్‌హావె పన్నెండు మంచాల చిన్న వార్డులో రోగి పక్కన నిలబడి పాఠం చెప్పి యూరప్ మొత్తాన్ని ఆకర్షించాడు. 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఫ్లారెన్స్ నైటింగేల్ పేరిట మొదలైన నర్సింగ్ పాఠశాలలో అభ్యాసకురాలు వార్డులోనే పనిచేస్తూ నేర్చుకునేది. ఆమె పని ఎలా ఉందో నెలనెలా నమోదు చేసేవారు. 1889లో తెరుచుకున్న జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో విలియం ఆస్లర్ విద్యార్థులకు రోగులను అప్పగించి, వార్డును తరగతి గదిగా మార్చాడు. మన నేల మీద 1835లో మద్రాసులో వైద్య పాఠశాల పుట్టింది జనరల్ ఆసుపత్రిని ఆనుకునే. 1846లో హైదరాబాద్‌లో నిజాం ప్రభుత్వం నెలకొల్పిన వైద్య పాఠశాల నుంచి వచ్చిన రూపాబాయి ఫర్దూన్‌జీ, మత్తు వైద్యానికి ప్రత్యేక డిప్లొమా అన్నది ఎక్కడా లేని రోజుల్లో ఆసుపత్రుల్లో క్లోరోఫారం ఇస్తూ ఆ విద్యలో ఆరితేరింది. క్లోరోఫారం భద్రతను పరీక్షించడానికి సర్జన్ ఎడ్వర్డ్ లారీ నడిపించిన హైదరాబాద్ క్లోరోఫారం కమిషన్ల కాలం అది. ఈ ఉదాహరణలన్నిటిలో ఉమ్మడిగా కనిపించేవి మూడు: చేతిలో నిజమైన పని, పక్కన తెలిసిన మనిషి, ఆ పనిని గమనించి చెప్పే అలవాటు.

ఇరవయ్యో శతాబ్దం పనికీ చదువుకూ ఉన్న ఈ బంధాన్ని వదులు చేసింది. అందుకు బలమైన కారణాలే ఉన్నాయి. 1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అమెరికా, కెనడాల్లో 155 వైద్య పాఠశాలలను పరిశీలించి, శాస్త్రం లేని శిష్యరికం ఎంత ప్రమాదకరమో బయటపెట్టాడు. వైద్య విద్య విశ్వవిద్యాలయాల గొడుగు కిందికి వచ్చింది. మన దేశంలో 1946 నాటి భోర్ కమిటీ లైసెన్షియేట్ అనే తక్కువ కాలపు వైద్య చదువును తీసేసి, దేశమంతటికీ ఒకే ప్రమాణం గల వైద్యుణ్ని తయారు చేయాలని సిఫారసు చేసింది. కమిటీలో కొందరు సభ్యులు విభేదించినా ఆ సిఫారసే నిలిచింది. ప్రమాణాలు పెరిగాయి, నాటు పద్ధతులు తగ్గాయి. ఆ మేలును కాదనలేం. అయితే ఫ్లెక్స్‌నర్ కోరింది ప్రయోగశాల, వార్డు, విశ్వవిద్యాలయం మూడూ కలిసి నడవాలని. ఆచరణలో మాత్రం చదువు అంటే డిగ్రీకి ముందు జరిగేది, పని అంటే డిగ్రీ తర్వాత జరిగేది అన్న విభజన స్థిరపడింది. హౌస్ సర్జన్సీ ముగిసిన మర్నాటి నుంచి వైద్యుడి పనిని పక్కన నిలబడి చూసేవాళ్లు లేరు. జిల్లా ఆసుపత్రిలో చేరిన నర్సు లేబర్ రూములో ఎలా పనిచేస్తున్నదో తప్పు జరిగినప్పుడు తప్ప ఎవరూ చూడరు.

ఈ లోటును పూడ్చడానికి మనం ఎంచుకున్న సాధనం ట్రైనింగ్. జిల్లా కేంద్రంలో రెండు రోజులు, ఒక హాలు, ప్రొజెక్టరు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం సర్టిఫికెట్, టీఏ బిల్లు. వెళ్లినవారి సంఖ్య రిజిస్టర్లో చేరుతుంది, లక్ష్యం పూర్తయినట్టు నివేదిక పైకి వెళుతుంది. ఆ రెండు రోజులూ పీహెచ్‌సీలో పని ఆగుతుంది లేదా తోటి ఉద్యోగి మీద పడుతుంది. తిరిగి వచ్చాక ఏం మారిందన్న ప్రశ్న ఏ ఫారంలోనూ ఉండదు. ఈ పద్ధతి పూర్తిగా వృథా అనడం నా ఉద్దేశం కాదు. పేద, మధ్య ఆదాయ దేశాల్లో ఆరోగ్య సిబ్బంది పనితీరును మెరుగుపరిచే మార్గాలపై జరిగిన 337 అధ్యయనాలను 2018లో ఒక పెద్ద సమీక్ష క్రోడీకరించింది. శిక్షణ ఒక్కటే ఇచ్చినప్పుడు పనితీరు సుమారు 10 శాతం పాయింట్లు మెరుగుపడింది. దానికి పనిచోట పర్యవేక్షణ తోడైతే సుమారు 18. సిబ్బంది తమ సమస్యను తామే కూర్చుని విప్పుకునే పద్ధతి జతపడినచోట ఫలితం ఇంకా ఎక్కువగా కనిపించింది. ఆ ఆధారాలు అంత బలమైనవి కావని సమీక్షకులే చెప్పారు గనుక దాని మీద ఎక్కువ భారం వేయను. దిశ మాత్రం స్పష్టం. హాలు నుంచి వార్డు వైపు నడిచేకొద్దీ శిక్షణకు బలం పెరుగుతోంది.

ఈ తేడా ఎందుకు వస్తుందో ఒక్క పనిని దగ్గరగా చూస్తే తెలుస్తుంది. పుట్టిన బిడ్డ ఏడవలేదు. తుడిచి, వీపు నిమిరినా ఊపిరి అందలేదు. మొదటి నిమిషం దాటకముందే అంబు బ్యాగుతో గాలి ఇవ్వాలి. తల మరీ వెనక్కి వాలకూడదు, ముందుకు వంగకూడదు. మాస్కు ముక్కునూ నోటినీ కప్పాలి, కళ్లను తాకకూడదు. అంచు దగ్గర గాలి పోకుండా బొటనవేలు, చూపుడువేలు పట్టు బిగించి మిగతా వేళ్లతో దవడ ఎత్తి పట్టాలి. రొమ్ము లేస్తున్నదా లేదా అన్నదే పరీక్ష. లేవకపోతే పట్టు సవరించుకోవాలి, నోట్లో ఉమ్మనీరు ఉందేమో చూడాలి. ఇవన్నీ తెలిసిన నర్సు ఆ నిమిషంలో చేయలేకపోవచ్చు. తెలియడం వేరు, చేతికి రావడం వేరు. టాంజానియాలోని హేడోం ఆసుపత్రిలో సిబ్బందికి ఈ పని మీద ఒక రోజు శిక్షణ ఇచ్చారు. నెలల తర్వాత పరీక్షిస్తే శిశువు ఆకారపు శిక్షణ బొమ్మ మీద చక్కగా చేశారు. లేబర్ రూములో నిజమైన బిడ్డల విషయంలో మాత్రం పద్ధతి మారలేదు. అప్పుడు ఆసుపత్రి ఏర్పాటు మార్చింది. బొమ్మను లేబర్ రూము దగ్గరే ఉంచి, వారానికి మూడు నుంచి ఐదు నిమిషాల అభ్యాసం డ్యూటీలో చేర్చింది. సాటి సిబ్బందిలోనే కొందరికి దాన్ని నడిపే బాధ్యత అప్పగించింది. 2015లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, పుట్టిన 24 గంటల్లో మరణించే శిశువులు వెయ్యికి 11.1 నుంచి 7.2కి తగ్గారు. ఇది ముందూ వెనకా పోల్చిన అధ్యయనం. వేరే ఆసుపత్రితో సరిచూసినది కాదు. అయినా అవే చేతులు, అదే విషయం, అదే బొమ్మ. చోటు, తరచుదనం మారాక ఫలితం మారిందన్నది గమనించదగ్గ సంగతి.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. పని నేర్పుతుంది అంటే ఏళ్లు గడిస్తే చాలు, అనుభవమే గురువు అని అర్థం కాదు. వైద్యుల అనుభవానికీ వారిచ్చే వైద్యం నాణ్యతకూ సంబంధాన్ని పరిశీలించిన 2005 నాటి ఒక సమీక్షలో, 62 పరిశీలనల్లో సగానికి పైగా అనుభవం పెరిగేకొద్దీ నాణ్యత తగ్గినట్టు తేలింది. సీనియారిటీని దాదాపు పూజించే మనకు ఇది మింగుడుపడని మాట. కారణం ఊహకు అందనిది కాదు. తన పని ఫలితం తనకు తెలియకుండా, సవరించేవారు లేకుండా ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషి చదువుకున్న నాటి పద్ధతినే ఇరవై ఏళ్లు చేస్తాడు. అందులో పొరపాటు ఉంటే అదీ స్థిరపడుతుంది. పైగా వార్డు మంచినే కాదు, చెడునూ అంతే శ్రద్ధగా నేర్పుతుంది. కాన్పు త్వరగా కావాలని కడుపు మీద నొక్కడం, అవసరం ఉన్నా లేకున్నా కోత పెట్టడం, రోగిని గదమాయించడం, చూడని బీపీని కేస్ షీటులో రాయడం ఏ పాఠ్యపుస్తకంలోనూ లేవు. కొత్తగా చేరినవారు వాటిని సీనియర్లను చూసి నేర్చుకుంటారు. అంటే ప్రతి ఆసుపత్రీ ఇప్పటికే ఒక బడి. అక్కడ ఏం నేర్పుతున్నామో మనం నిర్ణయిస్తున్నామా, దానంతట అది జరిగిపోతున్నదా అన్నదే తేల్చుకోవలసినది.

పనిచోటు మంచి బడి కావడానికి తప్పనిసరి అయినవి నాలుగు. డ్యూటీ చార్టులో రాసిన సమయం మొదటిది. పనిని కళ్లారా చూసి, అక్కడికక్కడే చెప్పగల మనిషి రెండోది. తమ వార్డు ఫలితాలు తమకే కనిపించే లెక్క మూడోది: కాన్పు తర్వాత రక్తస్రావాలు ఎన్ని, పుండు చీము పట్టిన ఆపరేషన్లు ఎన్ని, పైకి పంపిన కేసుల్లో ఎవరు బతికారు. నాలుగోది భయం లేకపోవడం. మొదటి మూడూ ఉన్నా నాలుగోది లేకపోతే అంతా కాగితాల మీదే బాగుంటుంది. తప్పు ఒప్పుకుంటే మెమో వస్తుందన్న చోట ఎవరూ తప్పు ఒప్పుకోరు; ఒప్పుకోని తప్పు నుంచి ఎవరూ నేర్చుకోరు. మాతృమరణాల విషయంలో బ్రిటన్ 1952 నుంచి రహస్య విచారణ పద్ధతిని నడుపుతోంది. మన దేశంలో కేరళ ప్రసూతి వైద్యుల సమాఖ్య 2004లో ఆ దారి పట్టింది. తల్లి పేరు, ఆసుపత్రి పేరు, వైద్యుడి పేరు తీసేసి, ఆ మరణం ఎలా తప్పేదన్నదే చర్చిస్తారు. దొరికిన పాఠాన్ని రాష్ట్రమంతటికీ పంచుతారు. బాధ్యులను శిక్షించే విచారణ, నేర్చుకునే విచారణ రెండూ సమాజానికి అవసరమే. ఒకే బల్ల మీద రెండూ నడిపితే రెండోది జరగదు.

ఈ వాదానికి గట్టి అభ్యంతరం ఒక పెద్ద ప్రయోగం నుంచి వస్తుంది. దాన్ని దాటవేయడం న్యాయం కాదు. ఉత్తరప్రదేశ్‌లో 24 జిల్లాల్లోని 120 ఆరోగ్య కేంద్రాల్లో, సుమారు లక్షా 57 వేల కాన్పుల మీద, బెటర్‌బర్త్ అనే పరిశోధన జరిగింది. సురక్షిత కాన్పుకు ఒక చెక్‌లిస్టు ఇచ్చి, దాన్ని వాడేలా ఎనిమిది నెలలు లేబర్ రూములోనే సిబ్బందికి తోడు నిలిచి నేర్పించారు. రెండు నెలలకు, చేయవలసిన పనుల్లో 73 శాతం జరుగుతున్నాయి. తోడు లేనిచోట 42. తోడు ఆగిపోయాక, పన్నెండో నెలలో చూస్తే అది 62కు దిగింది. 2017లో వెలువడిన తుది ఫలితంలో తల్లీబిడ్డల మరణాలు, తీవ్ర ప్రమాదాల్లో మాత్రం రెండు వర్గాల మధ్య తేడా కనిపించలేదు. పనిచోట నేర్పినా ప్రాణాలు దక్కనప్పుడు ఈ ప్రయాస ఎందుకని అడగవచ్చు. ఆ ప్రయోగం నాకు చెప్పేది రెండు సంగతులు. తోడు ఉన్నంతకాలం ప్రవర్తన మారింది, తోడు పోగానే జారింది. కాబట్టి దీన్ని ఎనిమిది నెలల ప్రాజెక్టుగా కాక శాశ్వత ఏర్పాటుగా చూడాలి. చెక్‌లిస్టు చేయవలసిన పనులను గుర్తు చేస్తుంది. కష్టమైన కాన్పును సంభాళించే నైపుణ్యాన్ని, రక్తాన్ని, ఆపరేషన్ థియేటరును, అంబులెన్సును అది సమకూర్చదు. పనిలో చదువు వనరులకు ప్రత్యామ్నాయం కాదు. వనరులు ఇవ్వలేని ప్రభుత్వం సిబ్బందికి పాఠం చెప్పి చేతులు దులుపుకోవడానికి ఈ వాదాన్ని వాడుకుంటే అది అన్యాయం.

రెండో అభ్యంతరం, అందరూ ముందుగా చెప్పేది, సమయం లేదన్నది. అరవై మంచాల వార్డుకు ఇద్దరు నర్సులున్నచోట ఈ మాట సాకు కాదు, నిజం. ఆ ఖాళీలు నింపవలసిందే. అయితే ఒక లెక్క చూడండి. వైద్యుల వృత్తి నియమావళిపై 2002 నిబంధనల ప్రకారం వైద్యుడు ఐదేళ్లకు కనీసం 30 గంటల నిరంతర విద్యలో పాల్గొనాలి. పంచి చూస్తే వారానికి ఏడు నిమిషాలు కూడా కాదు. హేడోం సిబ్బంది అంతకన్నా ఎక్కువ సమయం తీసుకోలేదు. మనం వేరే ఊళ్లో, వేరే హోటల్లో, ఏడాదికోసారి గంపగుత్తగా ఖర్చు చేసే కాలాన్నే వారు వారం వారం పని పక్కన పెట్టుకున్నారు. ఏజెన్సీ ప్రాంతంలో ఒక్క వైద్యుడే ఉన్న పీహెచ్‌సీలో పక్కన నిలబడే మనిషి ఎక్కడ దొరుకుతాడని మరో ప్రశ్న. 2003లో అమెరికాలోని న్యూ మెక్సికోలో సంజీవ్ అరోరా మొదలుపెట్టిన ఎకో పద్ధతి ఇందుకు ఒక జవాబు. మారుమూల వైద్యులు వారం వారం వీడియోలో తమ సొంత కేసులను నిపుణుల ముందు పెట్టి చర్చించారు. 2011లో వెలువడిన ఫలితాల్లో వారి దగ్గర హెపటైటిస్ సి నయమైనవారు 58.2 శాతం, విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో 57.5 శాతం. రోగి ఊరు దాటలేదు, వైద్యుడు డ్యూటీ వదల్లేదు. అతని కేసే అతనికి పాఠమైంది.

మూడో అభ్యంతరం నైతికమైనది. రోగి మీద నేర్చుకోవడం ఏ హక్కుతో? నేర్పడం పేరిట విద్యార్థులతో, హౌస్ సర్జన్లతో చాకిరీ చేయించుకోవడం ఇప్పటికే ఉన్నదే కదా? రెండూ సరైన ప్రశ్నలు. పర్యవేక్షణ లేని శిష్యరికంలో రోగి, శిష్యుడు ఇద్దరూ నష్టపోతారు. ధర్మాసుపత్రికి వచ్చే పేదవాడే ఆ భారం ఎక్కువగా మోస్తాడు. అందుకే నేను చెబుతున్నది పర్యవేక్షణతో కూడిన చదువు గురించి. మొదట బొమ్మ మీద, తర్వాత తెలిసిన మనిషి సమక్షంలో, ఆ తర్వాతే ఒంటరిగా; ఏ మెట్టు ఎప్పుడు ఎక్కారో రాతలో ఉండాలి. మూడు సెలైన్లు పెట్టించుకుని, ఒక్క మాటైనా చెప్పకుండా పంపేస్తే దాన్ని చదువు అనకూడదు. మన నియమాలు ఇప్పుడు ఈ వైపే కదులుతున్నాయి. 2019లో మొదలైన నైపుణ్యాధారిత వైద్య విద్యలో లాగ్‌బుక్ తప్పనిసరి. 2020 నాటి జిల్లా రెసిడెన్సీ పథకం కింద పీజీ విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలి. ఆ మూడు నెలలు ఖాళీ పోస్టును నింపే ఉపాయం అవుతుందా, నేర్పే అవకాశం అవుతుందా అన్నది అక్కడి సీనియర్ల చేతుల్లో ఉంది.

ఇదంతా పెద్ద చదువులవారికే అనుకోనక్కరలేదు. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 39 ఊళ్లలో సాధారణ గ్రామీణ స్త్రీలకు నవజాత శిశువుల సంరక్షణ నేర్పి, క్రమం తప్పని పర్యవేక్షణతో తోడు నిలిచారు. పోల్చి చూసిన ఊళ్లకంటే ఆ ఊళ్లలో నవజాత మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో ప్రపంచం చదివింది. నేటి ఆశా కార్యకర్త ఇంటింటికీ వెళ్లి పసిబిడ్డను చూసి రావడానికి మూలం అక్కడుంది. మన తెలుగు నేల మీద తెలంగాణ ఇంకో దారి చూపింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సిజేరియన్ కాన్పులు 21.5 శాతం అయితే ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. ఈ సంఖ్యల వెనుక కారణాలు అనేకం. సహజ కాన్పును ఓపికగా, భద్రంగా నడిపించే చేతులు తగ్గిపోవడం వాటిలో ఒకటి. ఆ చేతులను తయారు చేయడానికి తెలంగాణ ప్రభుత్వం 2017లో కరీంనగర్‌లో, హైదరాబాద్‌కు చెందిన ఫెర్నాండెజ్ ఆసుపత్రి సహకారంతో, ఉద్యోగంలో ఉన్న నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. మరుసటి ఏడాది కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు ప్రకటించింది. రెండు రోజులతో సరిపెట్టక ఏడాదిన్నర కేటాయించిన ఈ ఏర్పాటు నైపుణ్యం ఎంత కాలం అడుగుతుందో నిజాయితీగా ఒప్పుకుంది.

ఈ సభ ద్వారా నేను కోరేవి కొన్నే. ప్రతి ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రి డ్యూటీ చార్టులో నేర్చుకునే సమయానికి ఒక గడి ఉండాలి. అది జీతం గల సమయమై ఉండాలి. ప్రతి ఏరియా ఆసుపత్రిలో, పనిని చూసి నేర్పడమే బాధ్యతగా గల ఒక సీనియర్ నర్సు, ఒక వైద్యుడు ఉండాలి. ఆ పనికి పదోన్నతిలో విలువ ఉండాలి. వైద్య, నర్సింగ్ కౌన్సిళ్లు ఇచ్చే క్రెడిట్లలో సగమైనా సొంత పనిచోట, సొంత కేసుల మీద జరిగిన చదువుకు కేటాయించాలి. మరణాల సమీక్షలో మెమోల గది వేరు, పాఠాల గది వేరు కావాలి. వీటిలో ఏదీ కొత్త భవనం అడగదు. కొన్నింటికి మనుషులు, కొన్నింటికి డబ్బు, అన్నింటికీ నిర్ణయం కావాలి. యువ వైద్యులకు, నర్సులకు ఒక్క మాట. మీ పనిని చూసి చెప్పమని మీ సీనియర్‌ను అడగండి. సీనియర్లకు ఇంకో మాట. ఎవరూ అడగకపోయినా చూసి చెప్పండి. అది మీ డ్యూటీ.